తెల్లపువ్వు మొక్కకి ఎర్రటి బొమ్మ

ఏలూరు పవర్‌పేటలో మా చెల్లెలింటికి వెళితే హాల్లో గోడంతా ఎరుపు! మేనకోడలి నిర్వాకం. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన కోర్సు చదువుతోంది లెండి. సెలవులకొచ్చి, నాలుగడుగుల కాన్వాసు మీద గడ్డిలాంటి మొక్కనొకదాన్ని వేసింది. ఆకులు నీలం, కాడలు పసుపు. వేళ్లయితే నిప్పే.

"ఇదేం మొక్కే?"

"చిరివేరు, మావయ్యా."

ఫోన్లో అసలు బొమ్మ చూపించింది. రాక్స్‌బర్గ్ దొర సామర్లకోటలో ఉండగా మనవైపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిల్లోంచి ఏరి, ఈస్టిండియా కంపెనీ 1795 నుంచి లండన్‌లో 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో అచ్చు వేయించింది. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. అందులో చిరివేరు బుద్ధిగా ఉంది. పచ్చటి సన్నాకులు, చిట్టి తెల్లపూలు.

"మొక్కల బొమ్మంటే అలా ఉండాలి. నువ్వేంటమ్మా, హోలీ ఆడేశావు?" అన్నాను.

"మొక్క ఎలా ఉంటుందో వాళ్లు వేసేశారుగా. అదేం చేసిందో నేను వేశాను."

నాకు నోట మాట రాలేదు. నిజమే మరి. బందరు కలంకారీ ఎరుపంతా ఒకప్పుడు ఈ వేరుదే. గుడ్డని పాలల్లో కరక్కాయతో నానబెట్టి, ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు అద్ది, చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలినచోటే రంగు పట్టేది. 1868లో జర్మనీవాళ్లు అలిజరిన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత వేళ్లు తవ్వేవాళ్లకి పని తగ్గిపోయింది. ఇప్పుడు కొల్లేరు దాటి, కైకలూరు మీదుగా పెడన వెళ్లి చూడండి, కాగుల్లో ఉడికేది ఎక్కువగా ఆ అలిజరినే. ఇసక నేలల్లో చిరివేరు కాలికింద పడినా ఎవరూ వంగి చూడరు. నేనూ చూళ్లేదు.

ఇంకో సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ పుస్తకంలో మొక్కలకి తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు దొర. బొమ్మలు వేసిన చేతుల పేర్లు మాత్రం అందులో లేవు. ఒక్కో ఆకు ఈనెని అంత ఓపిగ్గా గీసినాయన ఎవరో, ఏ ఊరివాడో!

"సంతకం ఏదే?" అన్నాను.

"వెనకాల పెట్టాన్లే మావయ్యా."

ఎరుపు సోఫాకి నప్పలేదని మా చెల్లెలు అప్పటికే సణుగుతోంది. బొమ్మని మళ్లీ గోడ మీంచి దింపించాను. కుంచె కడిగేసిందిట, బాల్‌పెన్ను ఇచ్చాను. ఒప్పుకోలేదు. రంగు కలిపి తెచ్చేదాకా కూర్చున్నాను. ఏలూరు స్టేషన్‌లో నా రైలు వెళ్లిపోయింది.