బడికి తాళం, పిల్లల చేతికి జీడిపిక్కల బుట్ట

ఏప్రిల్ చివరి వారంలో కొయ్యూరు మండలంలోని ఆశ్రమ పాఠశాలలకు తాళాలు పడతాయి. తిరిగి తెరిచేది జూన్ 12న. ఈ ఏడు వారాలూ పిల్లలు ఎక్కడుంటారో మనకు తెలియనిది కాదు. మన జీడిమామిడి తోటల్లో పిక్కలు ఏరుతూ ఉంటారు, లేదా అడ్డాకుల కోసం కొండెక్కుతారు.

సెలవుల్లో అమ్మానాన్నలకు సాయపడితే తప్పేమిటని మన సభ్యుల్లోనే కొందరు అడుగుతున్నారు. సొంత తోటలో ఓ పూట అమ్మ వెంట పిక్కలు ఏరే పిల్లను మేము కూలి అనడం లేదు. గుత్తకు తోట పట్టిన వ్యాపారి దగ్గర పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఏరే పిల్లను ఏమనాలో మీరే చెప్పండి. మొదటిదాని చాటున రెండోది సాగుతోంది. ఎనిమిదో తరగతిలోనే కూలి డబ్బు చూసిన కుర్రాడు జూన్‌లో పుస్తకాల సంచి తియ్యడు. పదో తరగతి తప్పిన ఆడపిల్లకు సంబంధాలు చూసేదీ ఈ నెలల్లోనే.

అందుకే సంఘం అడుగుతోంది: మే నెలలో, పిక్క ఏరుడు తగ్గుముఖం పట్టాక, ముప్పై రోజుల పాటు ఆశ్రమ పాఠశాలల్లోనే పిల్లలను ఉంచి చదువు చెప్పే వేసవి శిబిరాలు నడపండి. ఫ్లెక్సీ కట్టి, టోపీలు పంచి, ఫొటో దిగి పది రోజుల్లో మూటకట్టే శిబిరం మాకొద్దు. బాగా చదివే పాతికమందిని ఏరి పెట్టే శిబిరం అంతకన్నా వద్దు. చదవడం రాక వెనకబెంచీలో కూర్చున్నవాళ్లే ముందు రావాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధంచేసి బడిలో చేర్చింది. శిబిరం అయ్యాక పిల్ల ఏ బడిలో, ఏ తరగతిలో కూర్చుందో చూసుకోవడమే అక్కడ అసలు పని. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు 'సమ్మర్ సమురాయ్' పేరుతో వేసవిలోనూ పిల్లలకు కొత్త విద్యలు నేర్పాయి. వాళ్లకు కుదిరింది పాడేరు ఐటీడీఏకు ఎందుకు కుదరదు?

డబ్బుల్లేవంటారు. భవనం ఉంది, మంచాలున్నాయి, వంటగది ఉంది, గిన్నెలున్నాయి. సెలవుల్లో వంట కుదరదంటారా? 2016 మేలో సుప్రీంకోర్టే కరువు ప్రాంతాల బడుల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టమంది. బోర్లు ఎండిపోతాయంటారు. మరి అదే మే నెలలో కొండ మీది ఊళ్లలో ఆ పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో ఒక్కసారి ఊట దగ్గరికి వచ్చి చూడండి.

చెప్పేవాళ్లు లేరన్న మాట మాత్రం మా దగ్గర చెల్లదు. ఏజెన్సీ టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న మన పిల్లలు ఊరికి ఒకరైనా కనబడతారు. ఆ కొలువుల పోరాటం ఎలాగూ ఆగదు. ఈలోగా శిబిరాల్లో బోధన వాళ్లకే అప్పగించి, గౌరవమైన వేతనం ఇవ్వాలి. పిల్ల ఇంట్లో మాట్లాడే మాట వాళ్లకు అర్థమవుతుంది.

ఏం చెప్పాలి? చదవడం, రాయడం, లెక్కలు. లెక్క సంత నుంచే మొదలుపెట్టండి: కాటాలో ఎన్ని కిలోలు తూగింది, వ్యాపారి ఎన్ని రాశాడు, తరుగు పేరుతో ఎంత కోశాడు. పెద్ద పిల్లలకు 1/70 చట్టం ఏమిటో, 2006 అటవీ హక్కుల చట్టం కింద తాతకు వచ్చిన పట్టాలో హద్దులు ఎలా రాశారో చదివించండి. ఆ పట్టా చదవగల మనిషి ఇంటికొకరుంటే మన సంఘం పని సగం తేలికవుతుంది.

నెల కూలి పోతుందన్న తల్లిదండ్రుల బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారెయ్యం. జీడిపిక్కలకు గిట్టుబాటు ధర అడుగుతున్నదీ అందుకే. పిక్కకు సరైన ధర వస్తే పెద్దవాళ్లకు కూలి ఇచ్చి ఏరించుకోవచ్చు, పిల్లల చేతులతో పనిలేదు. ఈ రెండు కోరికలూ ఒకే అర్జీలో రాశాం.

1924 మే 7న అల్లూరిని కాల్చి చంపింది ఈ కొయ్యూరులోనే. ఏటా ఆ రోజున దండలు వేసే పెద్దలకు ఆ అర్జీ అక్కడే చేతికిస్తాం. అంతకుముందే ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి తీర్మానం రాయించండి. బడి మానేసిన, మానేసేలా ఉన్న పిల్లల పేర్లు, తరగతితో సహా మండల కమిటీకి పంపండి. మన తోటల్లో పనిచేస్తున్న పిల్లల పేర్లు ముందు రాయండి.