వలసపోయినవారి తెర

మా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములవారికి బ్రతుకుదెరువునకు బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అను మూడే దారులని పెద్దలు చెప్పుచుండెడివారు. బొగ్గుబాయి దారి నేడు సన్నగిల్లినది. తక్కిన రెండును నేటికిని నడుచుచునే యున్నవి. ఆ దారులను పోయినవారి అప్పులను గూర్చియు, పెట్టెలలో తిరిగివచ్చు వారి దేహములను గూర్చియు పత్రికలు వ్రాయుచునే యున్నవి గాని, వారిలో పాట కట్టువారు, వేషము వేయువారు, సెల్‌ఫోనుతో చిన్నచిన్న చిత్రములు తీయువారు ఎందరో కలరనియు, ఆ విద్యకొక నెలవు కావలయుననియు తలపోసినవారు అరుదు.

వీర్నపల్లి తండాలలో శ్రావణమాసమున తీజ్ పండుగ వచ్చినపుడు, పెండ్లికాని ఆడపిల్లలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి తొమ్మిదినాళ్లు పాడియాడు వేళ, ఎవరో యొకరు ఫోను ఎత్తిపట్టి గల్ఫులోనున్న అన్నకు చూపుచుందురు. అవతల లేబరు క్యాంపు గదిలో, మీది మంచపు ఇనుపకడ్డీకి తువ్వాలతో ఫోను కట్టి, ఖాళీ నూనెడబ్బాను డప్పుగా వాయించుచు ఒకడు పాడగా నలుగురు గొంతు కలుపుదురు. ఆ చిత్రము రెండునాళ్లు చేతులు మారి, ఫోను నిండినదని మూడవనాడు తుడిచివేయబడును.

కరీంనగరమున 1909లో జన్మించిన పైడి జైరాజ్ బొంబాయికి పోయి, మూకీల కాలమునుండి నటించి, 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందెను. ఆయన పేరు చెప్పుకొని మేము గర్వపడుదుము (అదియు ఎవరైన జ్ఞాపకము చేసినపుడే). అయినను ఒక్కడు పైకి వచ్చుట వేరు, నలుగురు కూడి నిలదొక్కుకొనుట వేరు. న్యూయార్కున నివసించు ఫిలిప్పీను దర్శకురాలు ఇసబెల్ శాండోవల్, సరియైన కాగితములు లేక వృద్ధులకు పరిచర్య చేయు తన దేశపు వనిత కథను 2019లో 'లింగ్వా ఫ్రాంకా' యను పేర తీయుచు, రచన, దర్శకత్వము, కూర్పు, ముఖ్యపాత్ర సమస్తమును తానే వహించెను. ఆ సాహసము కొనియాడదగినదే. కాని ప్రతి కళాకారునకు అంతటి ఓపిక యుండితీరవలెననుట న్యాయము కాదు.

అమెరికా తెలుగువారికి తానా, ఆటా వంటి సంఘములును, ధనమును కలవు. అచటి వైద్యురాలు పరుచూరి ప్రవీణ నిర్మించిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చి ఎల్లర మన్ననల నందినది. గల్ఫు కూలికి అట్టి అండ ఏది? 2017లో సునీల్‌కుమార్ రెడ్డి 'గల్ఫ్' చిత్రము తీసెను. అది వారిని గూర్చి ఇతరులు చెప్పిన కథ. బొంబాయి దారిన పోయి భివండి, షోలాపురములలో నిలిచిన పద్మశాలి కుటుంబముల మాటయు ఇంతే. తమ కథను తాము చెప్పుకొనునపుడే దాని రుచి వేరు.

ఇది సాధ్యమా యనువారు జగిత్యాల జిల్లా లంబాడిపల్లిని చూడవలయును. అచట 2012లో కొందరు మిత్రులు ఊరు విడువకయే మొదలిడిన 'మై విలేజ్ షో' యను యూట్యూబు ఛానెలు, పొలము పనులు చేసికొను గంగవ్వను ఇంటింటికి పరిచయము చేసినది. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన 'బలగం' చిత్రమును 2023లో ఊరి నడుమ తెరలు కట్టి జనులు కూడి చూచిరి, కూడి కన్నీరు పెట్టుకొనిరి. సంఘమన్నది అట్టి కూడికతోనే ఆరంభమగును. ఫిల్ముసిటీ అక్కరలేదు, ఒక తెర, ఒక ప్రొజెక్టరు, ఫోనులలోని చిత్రములను దించి భద్రపరచుటకొక కంప్యూటరు, పాడగలవా డెవడు, కూర్పు నెరిగినవా డెవడు, ఎవ డే దేశమున నున్నాడను వివరముల పుస్తకము చాలును. అయితే ఒక్క మెలిక కలదు. గల్ఫువారికి సెలవు పండుగను బట్టి కాక కంపెనీని బట్టి, పెక్కుమందికి రెండేండ్లకొకమారు దొరకును. కనుక ఏటికొక్క ఉత్సవము జరిపి, శాలువలు కప్పి, చేతులు దులుపుకొన్నచో ఫలము లేదు. నెలనెలా ప్రదర్శన జరిగినగాని, వచ్చినవాడు పోవులోపల తనవారిని కలిసికొనజాలడు.

సిరిసిల్ల గ్రంథాలయమున ఇందులకొక గది కేటాయింపవలయునని అధికారులను కోరుచున్నాను. చదువరులారా, మీవారు పంపిన పాటలు, చిత్రములు ఫోనులో నున్నచో, ఆ గది వచ్చువరకైన తుడిచివేయకుడు.