శిక్షకునకు జన్మభూమి ప్రధానమా? అనుభవము ప్రధానమా?

మన దేశపు ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయినప్పుడెల్ల రెండు వాదములు వినవచ్చుచుండును. మనవారికేమి తెలియును, విదేశీయుని పిలిపింపవలెనని కొందరందురు. పరాయివానికి మన బాలుర మనస్సేమి తెలియును, స్వదేశీయునే నియమింపవలెనని మరికొందరందురు. మొదటివారికి పొరుగింటి పుల్లకూర రుచి. రెండవవారికి స్వాభిమానము కన్నులు గప్పుచున్నది. ఉభయులును శిక్షకుని పుట్టుకను విచారించుచున్నారు గాని, ఆతడు చేసిన పనిని విచారించుట లేదు.

ద్వారకా నగర్‌లో వసించు మనము ఇందులకు దృష్టాంతమును దూరమున వెదకనక్కరలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా మన రేవులోనికి వచ్చు పెద్ద ఓడను చూడుడు. దాని కప్తాను ఎన్ని సముద్రములు దాటినవాడైనను, రేవు పైలట్‌ను ఎక్కించుకొని, ఆతని సలహా ననుసరించియే కాలువలో ప్రవేశించును. పైలట్‌కు ఆ గౌరవము పుట్టుకవలన వచ్చినది కాదు. ఈ కాలువ లోతును, మలుపును, గాలివాటమును ఎరిగియుండుటవలన వచ్చినది. కావున అనుభవమనగా గడచిన యేండ్ల సంఖ్య కాదు. చేయవలసిన పనికి తగిన పనిని ఇదివరలో చేసియుండుటయే అనుభవము.

పెరటిచెట్టు మందునకు పనికిరాదనువారు హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ చరిత్రను తలంపవలెను. ఆయన పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 మారులు రోవర్స్ కప్పును గెలిచెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత ఆయనయందు సార్థకమయ్యెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములను గడించెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవస్థానము నందెను.

అయితే 1952 హెల్సింకి ఒలింపిక్సులో ఆ రహీమ్ జట్టే యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడెను. నాడు మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేక ఆడిరి. ఆ యొక్క ఓటమికే ఆయనను తొలగించి యుండినచో జకార్తా విజయము మనకు లభించెడిదా? పరాజయమునుండి నేర్చినదియు అనుభవములోని భాగమే.

ఇక విదేశీయుల మాట. స్పెయిన్ దేశీయుడైన మనోలో మార్కెజ్ 2022లో హైదరాబాద్ ఎఫ్.సి. జట్టును ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపెను. ఆయనయే 2024లో భారతజట్టు శిక్షకుడై, 8 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, మరుసటి యేట తప్పుకొనెను. ఆ రెండేండ్లలో ఆయన జన్మభూమి మారలేదు, పని మారినది. ఆటగాండ్రను దినదినము తీర్చిదిద్దు క్లబ్బు పని వేరు. కొలది దినములు మాత్రమే వారు చేతికి వచ్చు జాతీయజట్టు పని వేరు. ఆయన తరువాత 2025 ఆగస్టులో స్వదేశీయుడగు ఖాలిద్ జమీల్ నియమితుడయ్యెను. ఆ యేడే మన జట్టు సింగపూరు చేతిలో ఓడి, 2027 ఆసియా కప్పునకు అర్హతను గోల్పోయెను. కావున స్వదేశీయత యొక్కటే మంత్రదండము కాదు.

ఇచట నొక ఆక్షేపణ కలదు. 1930 నుండి 2022 వరకు జరిగిన 22 ప్రపంచకప్పు పోటీలలో విదేశీయ శిక్షకుడు నడిపిన జట్టేదియు గెలువలేదు గదా యని యడుగవచ్చును. నిజమే. కాని ఇటలీ, జర్మనీ వంటి దేశములలో అనుభవజ్ఞులగు శిక్షకులు సమృద్ధిగా నున్నారు. వారికి పరులతో పని యేమి? అట్టి సమృద్ధి లేని గ్రీసు దేశము జర్మనీవాడగు ఒట్టో రేహగెల్‌ను నమ్ముకొని 2004లో ఐరోపా విజేతయయ్యెను. ఆయన అంతకుముందే బ్రేమెన్, కైజర్స్‌లాటర్న్ జట్లను జర్మన్ లీగు విజేతలుగా జేసియుండెను.

అట్లయిన మనకు కావలసిన దేమి? ఆ సమృద్ధియే. అనుభవముగలవానినే పిలుతుమని చెప్పి, మనవారికి అనుభవము గడించు నవకాశమే యీయకుండుట న్యాయము కాదు. ఈత నేర్చినగాని నీట దిగరాదనుట వంటిది. పాఠశాలయందును, జిల్లాయందును, క్లబ్బునందును మన శిక్షకులకు పని నొప్పగింపవలెను. ఒక్క ఓటమికే వారిని త్రోసివేయరాదు. విదేశీయుని పిలిచినచో, ఆయన ప్రక్కన మనవారిని నిలిపి ఆ విద్యను గ్రహింపజేయవలెను.

సోదర విద్యార్థులారా! శిక్షకుని ఎన్నుకొను దినమున "నీదే దేశము?" అని యడుగకుడు. "ఇట్టి పనిని ఎచట జేసితివి? ఎట్లు జేసితివి? ఓడినప్పుడేమి నేర్చితివి?" అని యడుగుడు. ఈ ప్రశ్నలకు నిండైన ప్రత్యుత్తర మొసంగువాడు ఏ తీరమున బుట్టినవాడైనను మన జట్టునకు గురువే. రేపు అట్టి ప్రత్యుత్తరము మీలో నొకడు చెప్పగలిగిననాడు, రహీమ్ వంటి గురువునకు మనము నిజముగ ఋణము దీర్చుకొన్నవారమగుదుము.