చేప పెరిగేదాకా పొయ్యి వెలిగేదెలా?

1992 జూలై 2న కెనడాలోని సెయింట్ జాన్స్ నగరంలో ఒక హోటల్ గది తలుపును జాలరులు బయటి నుంచి బాదారు. లోపల మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ, న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటను రెండేళ్లపాటు ఆపేస్తున్నామని ప్రకటిస్తున్నారు. దాదాపు 30 వేల మందికి ఆ పూటతో పని పోయింది. వారానికి 225 డాలర్ల భృతి అన్నారు. గొడవ ముదిరాక గరిష్ఠంగా 406 డాలర్లు చేశారు. రెండేళ్లన్న నిషేధం, మధ్యలో కొద్దిపాటి వేటకు అనుమతులిచ్చినా, 32 ఏళ్లు నడిచింది. 2024లో ఎత్తివేసినప్పుడు అనుమతించిన వేట 18 వేల టన్నులు. 1968లో అదే సముద్రంలో పట్టిన కాడ్ సుమారు 8 లక్షల టన్నులు!

సముద్రాన్ని కొన్నాళ్లు వదిలేస్తే లాభమేనని లెక్కలు చెబుతున్నాయి. మితిమీరిన వేట వల్ల 2012లో ప్రపంచం చేజార్చుకున్న నికర రాబడి 83 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా కట్టింది. చేపలు దండిగా ఉంటే తక్కువ పడవలతో, తక్కువ డీజిల్‌తో ఇంతకంటే ఎక్కువే పట్టవచ్చు. మరి ఎందుకు ఆగరు? హక్కుదారు లేని చోట నేను వదిలిన చేప రేపు పక్క పడవ వలలో పడుతుంది. కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ 1954లోనే తేల్చిన సంగతి ఇది: అందరికీ తెరిచి ఉన్న సముద్రంలో, ఖర్చూ రాబడీ సమానమై ఎవరికీ ఏమీ మిగలని దాకా పడవలు పెరుగుతూనే ఉంటాయి.

ఇంతకంటే కటువైన మాట గణితవేత్త కాలిన్ క్లార్క్ 1973లో చెప్పారు. చేపల మంద పెరిగే వేగం కంటే వడ్డీ రేటు ఎక్కువైతే, సముద్రానికి ఒక్కడే యజమాని ఉన్నా సరే, మొత్తం ఊడ్చి అమ్మేసి ఆ సొమ్ము బ్యాంకులో వేసుకోవడమే అతనికి లాభం. ఆయన తిమింగిలాల వంటి మెల్లగా పెరిగే జీవాల గురించి రాశారు. నాకు మాత్రం మన రేవులే గుర్తొస్తాయి. డీజిల్‌కీ, ఐస్‌కీ, వలకీ షావుకారు దగ్గర నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవాడికి ఏడాదికి 36 శాతం భారం. ఆ వేగాన్ని అందుకోలేని చేపల మందలు ఎన్నో. పైగా పట్టిన చేపను అప్పిచ్చినవాడికే, అతను చెప్పిన ధరకే వేయాలి. అలాంటివాడికి ‘సముద్రాన్ని కాపాడుకో’ అని అవగాహన సదస్సు పెట్టడం శుద్ధ దండగ. కావలసింది తక్కువ వడ్డీకి అప్పు.

అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న రెండు ముక్కలు. ఎదురుచూసే కాలానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? చేప తిరిగొచ్చాక మొదటి వల ఎవరిది? న్యూఫౌండ్‌లాండ్‌లో మొదటిదానికి ప్రభుత్వం వందల కోట్ల డాలర్లు పోసింది. రెండోదాని దగ్గరే చిక్కు పడింది. కాడ్ పోయాక పీతలు, రొయ్యలు పెరిగి చేపల పరిశ్రమ రాబడి కోలుకుంది. ఆ రాబడి తక్కువ మందికే దక్కింది. పదేళ్లలో ఆ రాష్ట్ర జనాభా దాదాపు పదో వంతు తగ్గింది. తీరా 2024లో వేట తెరిచాక పెద్ద ట్రాలర్లకూ, విదేశీ నౌకలకూ వాటా ఇచ్చారు. తీరంలో దశాబ్దాలపాటు ఆగినవారు మండిపడ్డారంటే తప్పుపట్టగలమా?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలానికి కుటుంబానికి ఇచ్చే 10 వేల రూపాయలను 2025లో 20 వేలు చేశారు. మంచిదే. అదే ఖజానా డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ కూడా ఇస్తోంది. వేటకు వెళ్లకుండా ఉండటానికి కొంత, మరింత దూరం వెళ్లడానికి కొంత! లోకమంతా ఇదే తంతు. మత్స్యరంగానికి ఏటా అందే సుమారు 35 బిలియన్ డాలర్ల రాయితీల్లో 22 బిలియన్లు వేట సామర్థ్యాన్ని పెంచేవేనని పరిశోధకుల అంచనా. ఇలాంటి కొన్ని రాయితీలకు అడ్డుకట్ట వేసే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. చిన్న జాలరుల పేరు చెప్పి వెసులుబాటు కోరుతున్న భారత్ వాదనలో న్యాయముంది. కానీ లీటర్ల లెక్కన ఇచ్చే రాయితీలో ఎక్కువ భాగం ఎక్కువ డీజిల్ తాగే మరపడవకే పోతుంది. తెడ్డు వేసుకుని తెప్ప మీద వెళ్లేవాడికి దక్కేది సున్నా.

మొదటి వల ఎవరిదన్న రెండో ప్రశ్నను మనం ఇంకా ముట్టుకోనే లేదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో, చేపల గుంపును చుట్టి పట్టే రింగు వలల మీద మత్స్యకార గ్రామాల మధ్య గొడవ రేగి, పడవలు తగలబడేదాకా వెళ్లింది. ఒక ఊరు వదిలిన చేపను పక్క ఊరు చుట్టేస్తుందన్న భయం ఉన్నంత కాలం ఏ ఊరూ ఆగదు. తీరానికి దగ్గరి జలాలను అక్కడి గ్రామాల సంఘాలకే రాసిచ్చి, ఎవరు ఏ వలతో ఎప్పుడు దిగాలో తేల్చే అధికారం వాటికివ్వాలి. ఐస్‌లాండ్‌లా వేట వాటాలను (కోటాలను) అమ్ముకోనిస్తే మాత్రం అవి కొన్నేళ్లకు పెద్ద కంపెనీల చేతికి చేరతాయి. అక్కడ అదే జరిగింది. కాబట్టి గ్రామానికిచ్చిన హక్కును అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదని చట్టంలోనే రాయాలి. మరపడవల డీజిల్ రాయితీలో కోత పెట్టి, ఆ డబ్బుతో షావుకారు అప్పులను తక్కువ వడ్డీ రుణాలుగా మార్చవచ్చు.