జావాలో నకలగునది ఏది?

ఇంట్, డబుల్ వంటి విలువలు కాల్ బై వాల్యూ పద్ధతిని, ఆబ్జెక్టులు కాల్ బై రిఫరెన్స్ పద్ధతిని మెథడునకు చేరునను వాక్యము మన ఇంజనీరింగు కళాశాలల జావా తరగతులలో నేటికిని వినవచ్చుచున్నది. వినుటకు సులభమై, వ్రాయుటకు అనువై, పరీక్షలో మార్కులను సైతము తెచ్చిపెట్టు నీ వాక్యము సత్యము కాదు. దీనిని కంఠస్థము గావించిన విద్యార్థి, ఇంటర్వ్యూలో స్వాప్ మెథడు వ్రాయుమన్న క్షణముననే తెల్లబోవును.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావాయందు పారామీటరులన్నియు విలువగానే పోవును. ఆబ్జెక్టు పేరిట మనము ప్రకటించు వేరియబుల్‌లో నుండునది ఆబ్జెక్టు గాదు, దానిని చేరుటకు వలయు జాడ మాత్రమే. మెథడును పిలిచినపుడు నకలగునది ఆ జాడయే.

విద్యార్థి యను క్లాసు నొకదానిని గైకొందము. పారామీటరుగా వచ్చిన ఆబ్జెక్టులోని మార్కులను మెథడు 40 నుండి 90కి మార్చినచో, పిలిచిన చోటను 90యే కనబడును, ఏలయన జాడలు రెండైనను అవి చూపు వస్తువొక్కటియే. ఆ మెథడే న్యూతో మరియొక విద్యార్థిని సృజించి పారామీటరునకు అప్పగించినచో, మారునది నకలు జాడయే గనుక, పిలిచినచోట నున్న వేరియబుల్ యథాతథముగా నిలిచియుండును. రెండు ఆబ్జెక్టులను తారుమారు చేయజూచు స్వాప్ మెథడు జావాలో నిష్ఫలమగుట కిదియే హేతువు. సీ ప్లస్ ప్లస్‌లో పారామీటరునకు ఆంపర్సండ్ గుర్తు నుంచినచో అది పిలిచినవాని వేరియబులునకే మారుపేరగును. అచ్చట స్వాప్ నిరాఘాటముగా నెరవేరును. నిజమైన రిఫరెన్స్ పద్ధతి యిది. ఈ పద్ధతికే సీ షార్ప్ భాష రెఫ్ అను పదమును పిలుచుచోటను వ్రాయవలెనని విధించినది. మార్పు జరుగగల చోటును చదువరికి ముందే ఎరిగించు నీ నియమము నాకు మిక్కిలి శ్లాఘ్యముగా దోచుచున్నది.

ఇదంతయు క్రొత్త సంగతియు గాదు. 1970ల దశకమున ఎమ్.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్, ఆమె సహచరులు రూపొందించిన క్లూ భాష జాడను నకలు చేసి పంపు పద్ధతిని ప్రత్యేకముగా గుర్తించి, దానికి కాల్ బై షేరింగ్ అని పేరిడినది. జావా పుట్టుకకు పూర్వమే తేటపడిన విషయమును మనము నేటికిని కలగాపులగము చేసి చెప్పుట న్యాయము గాదు.

అధ్యాపకులకు నా విన్నపమిది: ప్రశ్నల బ్యాంకులనుండి ఆ వాక్యమును తొలగింపుడు, మొదటి ల్యాబులోనే విద్యార్థులచేత స్వాప్ మెథడు వ్రాయించి, అది యేల పనిచేయలేదో నల్లబల్లపై పెట్టెలు, బాణములు గీసి వారిచేతనే చెప్పింపుడు.