తూలని కుర్రాడు

పెళ్లి దావత్‌లో మేడ మీద కూర్చున్న పెద్దల మధ్య ఇంటర్ చదివే కుర్రాడొకడు ఉంటాడు. సోడాలు, ఐసు అందించడానికి వచ్చినవాడే. మేనమామో చిన్నాయనో "ఒక్క బీరు తాగితే ఏమైతదిరా, మొగపిల్లగాడివి" అంటూ గ్లాసు చేతిలో పెడతాడు. రెండు గ్లాసుల తర్వాత కూడా వాడు తూలకుండా మెట్లు దిగితే, "మావోడు గట్టోడు, ఎంత తాగినా నిలబడతడు" అని అందరి ముందూ మెచ్చుకుంటారు. నాకు భయం పుట్టించేది ఆ మెప్పే.

తూలకపోవడం వాడి బలం కాదు, ఆ వయసు లక్షణం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్కాట్ స్వార్ట్జ్‌వెల్డర్, బింగ్‌హామ్టన్‌లో లిండా స్పియర్ 1990లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఈ సంగతి తేల్చాయి. ఒంటి బరువును బట్టి ఒకే లెక్కన ఆల్కహాల్ ఇచ్చి ఎలుకను వెల్లకిలా పడుకోబెడతారు. మత్తు దిగి తనంతట తాను తిరిగి లేవడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. వయసొచ్చిన ఎలుక చాలాసేపు అలాగే పడి ఉంటుంది. ఎదిగే వయసులోది త్వరగా లేచి నిలబడుతుంది. కొత్త దారి నేర్పబోతే మాత్రం కథ తిరగబడుతుంది. పెద్ద ఎలుకను పెద్దగా కదిలించని మోతాదు చిన్నదాని జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది. "ఇక చాలు" అని చెప్పాల్సిన నిద్ర, తూలుడు ఆలస్యంగా రావడం వల్లే కుర్రాడు ఇంకో గ్లాసు అందుకుంటాడు.

నార్త్ కరోలినాలో ఫుల్టన్ క్రూస్ బృందం ఇంకా ముందుకు వెళ్లింది. ఎదిగే వయసులో ఎలుకలకు రెండు రోజులు ఆల్కహాల్ ఇవ్వడం, రెండు రోజులు ఆపడం, ఆ తర్వాత పూర్తిగా మాన్పించి పెద్దవయ్యేదాకా ఆగడం. అప్పుడు వాటిని చుట్టూ రంధ్రాలున్న గుండ్రటి బల్ల మీద వదిలారు. ఒక్క రంధ్రం కిందే దాక్కునే పెట్టె ఉంటుంది. ఆ చోటు ఎక్కడుందో అవి మిగతావాటిలాగే నేర్చుకున్నాయి. పెట్టెను ఇంకోచోటికి మార్చినప్పుడే తేడా బయటపడింది. కొత్త చోటు పట్టుకోవడంలో అవి వెనకబడ్డాయి. తెలివి పోలేదు, మనసు మార్చుకునే శక్తి తగ్గింది. మందు మానేసి ఎంతో కాలమైన మెదడు సంగతి ఇది.

మనుషుల మీద అలాంటి ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు. నిర్ణయాలను, తొందరపాటును అదుపు చేసే మెదడు ముందుభాగం దాదాపు పాతికేళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుందని మాత్రం తెలుసు. 15 ఏళ్లలోపు మొదలుపెట్టినవాళ్లు, 21 దాటాక మొదలుపెట్టినవాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా తాగుడుకు బానిసలయ్యారని 1990ల చివర్లో అమెరికా జాతీయ సర్వే ఆధారంగా లెక్క తేలింది. అందులో వంశం పాత్ర, ఇంటి వాతావరణం పాత్ర కొంత ఉండొచ్చు. ఎలుకల విషయంలో ఆ సాకు చెల్లదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం అమ్మకానికి కనీస వయసు 21. బెల్టు షాపులో వయసు అడిగేదెవరు? ఇంట్లో పోసే చేతిని చట్టం ఎలాగూ ఆపలేదు. కల్లు చలవ చేస్తుందని పండగ పూట పిల్లలకూ పోసే ఇళ్లున్నాయి. పొద్దున్నే దించిన నీరా వేరు. మధ్యాహ్నానికి పులిసిన కల్లులో ఉండేదీ ఆల్కహాలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి కూలి డబ్బుల లెక్క, ఇంట్లో పడే దెబ్బల లెక్క అడిగారు. కొడుకుల మెదళ్ల లెక్క మనం ఇంకా గట్టిగా అడగడం లేదు.

ఇప్పటికే తాగినవాళ్ల పని అయిపోయిందని దీనర్థం కాదు. షికాగోలో సుభాష్ పాండే బృందం, చిన్నవయసు మద్యం వల్ల భయాందోళనల కేంద్రమైన అమిగ్డాలాలో ఒక జన్యువు పనితీరు మారిందని గుర్తించి, దాన్ని 2022లో ఎలుకల్లో సరిచేసి చూపించింది. ఆందోళన, తాగుడు రెండూ తగ్గాయి. చక్రం మీద పరుగు కూడా ఎలుకల మెదడులో కొంత నష్టాన్ని పూడ్చగలిగింది. ఇవి మనుషులకు చికిత్సలుగా మారడానికి సమయం పడుతుంది. ఈలోగా ఒక పని రేపటి నుంచే చెయ్యొచ్చు. ఆందోళన అనో, దేని మీదా మనసు నిలవడం లేదనో వచ్చిన పాతికేళ్ల యువకుణ్ని ఎంత తాగుతావని అడిగే డాక్టర్లు, ఎన్నో ఏట మొదలుపెట్టావని కూడా అడగాలి. మొదటి గ్లాసు ఎవరు పోశారని కూడా.