నూటికి రెండు రూపాయల లెక్క

పట్నంలో పెట్టుబడి అంటే మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలన్న ఆలోచన. మన కర్నూలు, కడప పల్లెల్లో పెట్టుబడి అంటే లేని డబ్బు ఎక్కడ తేవాలన్న దిగులు. విత్తనం, ఎరువు, మందు, సేద్యం, కూలి అన్నిటికీ ముందే డబ్బు కావాలి. వాన పడుతుందో లేదో, పంట ఏ ధరకు పోతుందో చివరిదాకా తెలియదు.

వాన మన చేతిలో లేదు. వడ్డీ లెక్క మాత్రం మనం వేసుకోగలం. ఊళ్లో నూటికి రెండు రూపాయలకు లక్ష తెస్తే ఏడాదికి వడ్డీ 24,000. మూడు రూపాయలైతే 36,000. కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకున్న పంట రుణానికి 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం; గడువులోగా కడితే 4 శాతమే. అంటే లక్షకు 4,000. అదే లక్షకు తేడా 20,000 రూపాయలు.

ఆ 20,000 ఎంత పెద్ద మొత్తమో ఉల్లి రైతుకు తెలుసు. 2025 సెప్టెంబరులో కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర కుప్పకూలింది. క్వింటాలు 1,200కు కొంటామన్న ప్రభుత్వం, ఆ తర్వాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించింది. ఎకరాకు చూస్తే దాదాపు 20,000. ఇంత గొడవ చేస్తే ప్రకటించిన సాయం, లక్ష అప్పున్న ఇంట్లో వడ్డీ తేడాకే సరిపోతుంది.

మరి బ్యాంకుకు ఎందుకు పోలేదని కౌలు రైతును అడగడం తేలిక. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం కావాలి. పొలం పోతుందేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టడు. కార్డు లేని రైతు పుస్తెలు తాకట్టు పెడతాడు, లేకుంటే పంట తనకే అమ్మాలన్న షరతుతో వ్యాపారి దగ్గర అప్పు తెస్తాడు. అప్పుడు వడ్డీ ఒక్కటే కాదు, ధర కూడా ఆ వ్యాపారి చేతిలోకే పోతుంది.

ఇంకో మాట. ఒక ఏడాది పంట పండి నాలుగు రూపాయలు మిగిలితే, రెట్టింపు చేస్తామనే ఏజెంటు ఇంటికొస్తాడు. తెలిసినవాడే అయివుంటాడు. అగ్రిగోల్డ్‌ను మరిచిపోవద్దు. 32 లక్షల మంది డబ్బు అందులో చిక్కుకుంది. 10,000 లోపు కట్టిన మన రాష్ట్రం వాళ్లకు ప్రభుత్వం 2019లో, 20,000 లోపు వాళ్లకు 2021లో చెల్లింపులు చేసింది. అప్పున్న రైతుకు నూటికి రెండు రూపాయల బాకీ తీర్చడాన్ని మించిన లాభం ఏ స్కీమూ ఇవ్వదు. మిగిలిన మొదటి రూపాయి అక్కడికే పోవాలి. ఆ తర్వాత ఇంటికి ఆరు నెలల గింజలు, పశువులకు మేత.

అయితే రైతు ఎంత పొదుపుగా బతికినా, ధర పడిపోతే ఆ పొదుపు ఒక్క సీజన్లో కరిగిపోతుంది. అందుకే ఇంట్లో జాగ్రత్త ఎంత ముఖ్యమో, బయట పోరాటమూ అంతే ముఖ్యం. యజమాని సంతకంతో పని లేకుండా ప్రతి కౌలు రైతుకూ కార్డు, పంట రుణం ఇవ్వాలి. ఉల్లికి, టమోటాకు గిట్టుబాటు ధర పంట వేయకముందే ప్రకటించాలి.

గ్రామ కమిటీలకు ఒక పని. ఉగాదిలోపు ప్రతి సభ్యుడి ఇంట్లో కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి: ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి. ఇంటి ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి; తాకట్టులో ఏముందో వాళ్లకే తెలుసు. బ్యాంకు అప్పు రాని రైతుల జాబితా తయారు చేయండి. ఖరీఫ్‌కు ముందే ఆ జాబితా పట్టుకుని బ్యాంకు మేనేజరు దగ్గరకు అందరం కలిసి పోదాం.